పీసీ పాతదైంది సరే, అసలు ఇబ్బందేంటి?

"పీసీ కొని చాలా ఏళ్లయింది, గ్రాఫిక్స్ కార్డు మారిస్తే సరిపోతుందా, మొత్తం మార్చేయాలా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు అందులో ఏ కార్డు ఉందని అడగను. ఏ గేమ్ ఆడుతుంటే ఏం జరుగుతోందని అడుగుతాను. చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. "అంటే... పాతదైపోయింది కదా" అని నసుగుతారు. ఇంకొంచెం తవ్వితే తేలేదేంటంటే, వాళ్లు రోజూ ఆడే గేమ్ బాగానే నడుస్తోంది, ఎవరో పెట్టిన వీడియోలో కొత్త కార్డు మీద కొత్త గేమ్ చూశారు, అప్పటినుంచి సొంత పీసీ మీద మనసు విరిగింది. మనసు విరగడం నాకు అర్థమవుతుంది, నాకూ విరుగుతుంటుంది. కానీ దానికి మందు గ్రాఫిక్స్ కార్డు కాదు.

నిజానికి చిప్పుకు ముసలితనం అంటూ పెద్దగా ఉండదు. 2017లో సెకనుకు ఎన్ని లెక్కలు చేసిందో ఇవాళా అన్నే చేస్తుంది. అది నెమ్మదించిందంటే సాధారణంగా చుట్టూ ఉన్నవాటి వల్లే. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము అట్టకట్టి ఉంటుంది, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, వేడి పెరిగేసరికి చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. శుభ్రం చేసి పేస్ట్ మళ్లీ రాస్తే పోయే జబ్బు ఇది. ఇంకో విషయం, చాలా పీసీల్లో 3200 వేగం ఉన్న ర్యామ్ వేసి బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకుండా వదిలేస్తారు. పాపం అది ఏళ్ల తరబడి 2133 దగ్గరే నడుస్తుంటుంది. రెండు స్టిక్కులు ఉన్నా వాటిని ఒకే ఛానెల్ స్లాట్లలో గుచ్చేసి, సగం బ్యాండ్‌విడ్త్ వదులుకున్న పీసీలూ ఉంటాయి. మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లకు ఇవి రెండూ గట్టిగా తగులుతాయి, ఎందుకంటే వాటిలో కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాల) గుంపుల మధ్య మాటామంతీ జరిగే దారి వేగం కూడా ర్యామ్ వేగానికే ముడిపడి ఉంటుంది. అందుకని కొత్త పార్టు మాట ఎత్తేముందు ఒక సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోండి.

అది అయ్యాక కూడా ఇబ్బంది ఉంటే, అప్పుడు నేను చెప్పేది ఇది. ఇబ్బందులు రెండు రకాలు. ఒకటి నెమ్మదితనం, గేమ్ నడుస్తుంది కానీ మీకు నచ్చినంత బాగా నడవదు. రెండోది తలుపు మూసుకుపోవడం, అంటే గేమ్ అసలు తెరుచుకోదు, ఏ సెట్టింగ్ తగ్గించినా తెరుచుకోదు. మొదటిదానితో బేరమాడొచ్చు, వాయిదా వేయొచ్చు, సర్దుకుపోవచ్చు. రెండోదానితో కుదరదు. పాత పీసీల గురించి జరిగే వాదనల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే, ఒకరు "ఇంకా ఐదేళ్లు వాడొచ్చు" అంటే ఇంకొకరు "చెత్తబుట్టలో పడేయ్" అంటారు, ఇద్దరికీ ఉదాహరణలు దొరుకుతాయి.

నా పీసీ సంగతి చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1080పీ 60 హెర్ట్జ్ మానిటర్. వింతేమీ లేని కూర్పు. జీటీఎక్స్ 1060 అయితే 2016లో వచ్చి, గేములు అమ్మే స్టీమ్ వాళ్ల హార్డ్‌వేర్ సర్వేలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో కూర్చున్న కార్డు. నా ఫిర్యాదు కూడా వింతది కాదు: కొత్త ఓపెన్ వరల్డ్ గేముల్లో ఊరి బయట తిరిగినంతసేపూ బాగుంటుంది, జనం ఉన్న వీధుల్లోకి రాగానే ఆగి ఆగి కదులుతుంది. ఎవరికి చెప్పినా "కార్డు మార్చెయ్" అన్నారు. కార్డు తప్పేనని ఎలా తెలుసు అని అడిగితే, "అంత పాత కార్డు కదా" అన్నారు. మళ్లీ వయసు దగ్గరికే వచ్చాం.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఉచితమైన, తేలికైన పద్ధతి ఒకటుంది. ఇబ్బంది పెడుతున్న చోటే నిలబడి రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. 1080పీ అంటే ఒక్కో ఫ్రేమ్‌లో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, 720పీ అంటే 9.2 లక్షలు. కార్డు చేయాల్సిన పని సగానికి పైగా తగ్గింది, ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అంతే ఉంది, ఎందుకంటే ఆ వీధిలో ఎంతమంది నడుస్తున్నారు, ఎవరు ఎటు తిరగాలి, ఏ వస్తువు దేన్ని తగిలింది అన్న లెక్కలకు పిక్సెళ్లతో పనిలేదు. ఇప్పుడు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగా పెరిగితే ఆపుతున్నది కార్డు. పెరగకుండా అక్కడే ఉంటే ప్రాసెసర్. పక్కన ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటిది పెట్టుకుని చూస్తే ఇంకా స్పష్టం, కార్డు వాడకం 97, 98 శాతం దగ్గర ఉంటే అది పూర్తిగా కష్టపడుతోందని, 60 శాతం దగ్గర ఉండి ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉంటే ప్రాసెసర్ పని అందించే దాకా ఎదురుచూస్తూ కూర్చుందని అర్థం. ప్రాసెసర్ వాడకం మొత్తంగా 50 శాతమే చూపిస్తోంది కదా అని మోసపోవద్దు. 12 థ్రెడ్లలో (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరుసల్లో) ఒకటి నిండిపోయినా గేమ్ ఆగిపోతుంది, సగటు మాత్రం ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. సగటు ఎఫ్‌పీఎస్ చూసి నిర్ణయం తీసుకోకండి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. సెకనులో 59 ఫ్రేములు సమయానికి వచ్చి ఒక్కటి 80 మిల్లీసెకన్లు పట్టినా సగటు బాగానే ఉంటుంది, మన కంటికి మాత్రం గేమ్ తడబడినట్టు తెలిసిపోతుంది. ఎక్కీదిగే 70 కంటే నిలకడగా ఉండే 40 నయం అని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని వాళ్లు ఉంటారు, ముఖ్యంగా పోటీ షూటర్లు ఆడేవాళ్లు, వాళ్ల లెక్క వేరు. కాబట్టి ఫ్రేమ్ టైమ్ గ్రాఫు, 1 శాతం లో (అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) అనే అంకె, ఈ రెండూ చూడండి. నా విషయంలో 720పీకి దించినా ఆ వీధుల్లో ఏమీ మారలేదు, గ్రాఫు మాత్రం రంపం పళ్లలా ఉంది. అంటే అందరూ మార్చమన్న కార్డు ఆ చోట నిర్దోషి.

ప్రాసెసర్లు ఇప్పుడే ఇలా ఎందుకు దొరికిపోతున్నాయన్నది ఆసక్తికరమైన విషయం. 2013లో వచ్చిన పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ గేమ్ కన్సోళ్లలో జాగ్వార్ అనే ఎనిమిది బలహీనమైన కోర్లు ఉండేవి. పెద్ద గేములన్నీ ముందు వాటి మీద నడవాలి కాబట్టి, మన పీసీల్లో ఉన్న మామూలు నాలుగు కోర్ల ప్రాసెసర్ కూడా దొరలా బతికింది. 2020 నవంబరులో పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చాయి, వాటిలో అంతకంటే చాలా బలమైన జెన్ 2 కోర్లు ఎనిమిది, వేగమైన ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ మెమరీ. అయినా ఒకట్రెండేళ్లు గేములు పాత కన్సోళ్లకు కూడా వస్తూ ఉండేసరికి మనకు తేడా తెలియలేదు. 2023 నాటికి పెద్ద స్టూడియోలు పాత కన్సోళ్లను వదిలేయడం మొదలుపెట్టగానే, కొత్త కన్సోల్‌లో 30 లేదా 60 ఎఫ్‌పీఎస్ కోసం రాసిన లెక్కలన్నీ పాత ప్రాసెసర్ల నెత్తిన పడ్డాయి. ఎస్‌ఎస్‌డీ కూడా అంతే. స్టార్‌ఫీల్డ్ 2023లో ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అంది, సైబర్‌పంక్ 2077 కూడా అదే ఏడాది 2.0 అప్‌డేట్‌తో కనీస అవసరాల్లోంచి హార్డ్ డిస్క్‌ను తీసేసింది. మీ గేములు ఇంకా హార్డ్ డిస్క్ మీద ఉంటే ఈ వ్యాసం చదవడం ఆపి ముందు ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి, దాని మీద వాదన అక్కర్లేదు.

సరే, పరీక్షలో తప్పు కార్డుదేనని తేలిందనుకుందాం. అప్పుడైనా వెంటనే కొనాల్సిన పనిలేదు. అల్ట్రా సెట్టింగ్ అనేది చాలా గేముల్లో స్క్రీన్‌షాట్ల కోసం పెట్టినది. నీడలు, వాల్యూమెట్రిక్ పొగమంచు, రిఫ్లెక్షన్లు, ఈ మూడింటినీ అల్ట్రా నుంచి మీడియంకు దించి, టెక్స్‌చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) మాత్రం మెమరీ పట్టినంత ఎక్కువలో ఉంచితే, కదిలే ఆటలో తేడా పట్టుకోవడం కష్టం, ఎఫ్‌పీఎస్ మాత్రం గణనీయంగా పెరుగుతుంది. తర్వాత అప్‌స్కేలింగ్, అంటే తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించడం. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ ఆర్‌టీఎక్స్ కార్డులకే పరిమితం, కానీ ఏఎండీ 2021లో తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ నా 1060 లాంటి పాత ఎన్విడియా కార్డు మీద కూడా పనిచేస్తుంది. నా కార్డు కంపెనీ నాకు ఇవ్వనిది దాని పోటీదారు ఇచ్చింది, బాగుంది. అయితే 1080పీలో ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీ మోడ్ అంటే లోపల గీసేది 720పీ బొమ్మే, సన్నటి ఆకులు, తీగలు, జుట్టు దగ్గర మసక తెలుస్తుంది. 4కే మానిటర్ ఉన్నవాళ్లకు అప్‌స్కేలింగ్ వరం, 1080పీ వాళ్లకు సర్దుబాటు మాత్రమే. ఫ్రేమ్ జనరేషన్‌ను (అసలు ఫ్రేముల మధ్య కల్పిత ఫ్రేములు చేర్చడాన్ని) అయితే నేను పాత పీసీకి మందుగా లెక్కపెట్టను. అసలు ఎఫ్‌పీఎస్ 60 దగ్గర ఉన్నప్పుడు అది బాగుంటుంది, 25 ఉన్నప్పుడు అంకె పెద్దదవుతుంది గానీ మౌస్ కదిపితే బరువు అలాగే ఉంటుంది.

సర్దుబాటుకు లొంగనిది వీడియో మెమరీ. గేమ్‌కు కావాల్సినది కార్డులోని మెమరీలో పట్టకపోతే మిగిలినదాన్ని పీసీఐఈ అనే, కార్డునూ మదర్‌బోర్డునూ కలిపే దారి గుండా మామూలు ర్యామ్‌లోకి తోసేస్తుంది, ఆ దారి కార్డు సొంత మెమరీతో పోలిస్తే చాలా ఇరుకు, అందుకే తల తిప్పినప్పుడల్లా కుదుపు, లేదా దగ్గరికి వెళ్లినా గోడ మీద బొమ్మ మైనపు ముద్దలా ఉండటం. దీనికి టెక్స్‌చర్లు తగ్గించడం ఒక్కటే దారి, టెక్స్‌చర్లు తగ్గితేనేమో కంటికి వెంటనే తెలుస్తుంది. 2015లో ఏఎండీ ఆర్9 390లో 8 జీబీ ఉండేది, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060లోనూ 8 జీబీయే. పదేళ్లు. ఎంత వేగమైన చిప్పు పెట్టినా ఇలాంటి చోట నాకు కంపెనీల మీద ఒళ్లు మండుతుంది. కొత్త కార్డు తీసుకుని నాలుగేళ్లకు పైగా వాడాలనుకునేవాళ్లు చిప్పులో ఒక మెట్టు తగ్గినా సరే, 12 జీబీ గానీ 16 జీబీ గానీ ఉన్నదాని వైపు చూడటం మేలు.

మానిటర్ గురించి ఎవరూ ముందు ఆలోచించరు, నిజానికి ఎంత బలమైన పీసీ కావాలో చెప్పేది అదే. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది. మీ గేమ్ ఇప్పటికే 60 దగ్గర నిలకడగా ఉంటే 140 ఇచ్చే కార్డు కొన్నా, గేమ్ కాస్త చురుగ్గా స్పందించినట్టు అనిపించడం తప్ప కంటికి దక్కేది పెద్దగా ఏమీ లేదు. ఎల్డెన్ రింగ్ లాంటి గేముల్లో 60 మీద తాళమే వేసి ఉంటుంది. అలాగే 1440పీ మానిటర్ కొంటున్నారంటే పిక్సెళ్లు 36.9 లక్షలు, 4కే అయితే 82.9 లక్షలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. బాగానే నడుస్తున్న పీసీని ఒక్క మానిటర్ కొని పాత పీసీగా మార్చేయొచ్చు! చాలామంది అప్‌గ్రేడ్ కథ అక్కడే మొదలవుతుంది కూడా.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, ఆవును చూసుకోవడానికి చివరికి పెళ్లి చేసుకున్న సన్యాసి కథ మనకు తెలిసిందే. పీసీ అప్‌గ్రేడ్ దీనికి అచ్చమైన ఉదాహరణ. కార్డు కొంటే పవర్ సప్లై చాలదు, పవర్ సప్లై మారిస్తే కొత్త కార్డు మూడు స్లాట్ల మందం ఉండి కేబినెట్‌లో పట్టదు, కేబినెట్ మార్చాక చూస్తే ప్రాసెసర్ ఆ కార్డుకు పని అందించలేకపోతోంది, ప్రాసెసర్ మార్చాలంటే మదర్‌బోర్డు, మదర్‌బోర్డు మారితే డీడీఆర్5 ర్యామ్. చివరికి పాత పీసీలో మిగిలేది ఒక హార్డ్ డిస్క్, కొన్ని స్క్రూలు. విడివిడిగా ఏడాది పొడవునా ఖర్చుపెట్టేసరికి, ఒకేసారి ఆలోచించి కట్టించుకున్న దానికంటే ఎక్కువైంది, పైగా ఏ రెండు పార్టులూ ఒక ఈడువి కావు. అందుకే నేను ఒక గీత గీసుకున్నాను. ఒక పార్టుతో ఇబ్బంది తీరితే ఆ పార్టు. రెండో పార్టు తోడు అడిగితే ఆగి ఆలోచించాలి. మూడోది అడిగితే అప్‌గ్రేడ్ మాట మానేసి, కొత్త పీసీకి డబ్బు దాచుకుంటూ ఉన్నదాంతో కానిచ్చేయాలి.

పాత బోర్డు మీద కొత్త కార్డు పెట్టేవాళ్లు చూసుకోవాల్సిన చిన్న అక్షరాలు కొన్ని ఉన్నాయి. తక్కువ శ్రేణి కార్డులు చాలావరకు పీసీఐఈ లేన్లను 16 నుంచి 8కి, ఒక్కోసారి 4కి కోసేస్తాయి. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 లేన్లు, 4 జీబీ మెమరీ. పీసీఐఈ 4.0 ఉన్న కొత్త బోర్డులో అది ఏదోలా నెట్టుకొస్తుంది, 3.0 మాత్రమే ఉన్న పాత బోర్డులో దారి సగమైపోయి చతికిలపడుతుంది. అంటే పాత పీసీ వాళ్లు కొనేంత చవక కార్డు పాత పీసీకే పనికిరాదు! ఇంటెల్ ఆర్క్ కార్డులదీ దాదాపు అదే కథ. 2024 డిసెంబరులో వచ్చిన బీ580కి 12 జీబీ ఉంది, చూడ్డానికి ఊరిస్తుంది, కానీ వాటికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునేది) బోర్డులో ఉండి తీరాలి, పైగా ఆ కార్డు డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ మీద వేసే అదనపు బరువు పాత ప్రాసెసర్ల దగ్గర కొట్టొచ్చినట్టు కనబడింది. రివ్యూలన్నీ ఆ సమయానికి అత్యంత వేగమైన ప్రాసెసర్ మీద చేస్తారు. కార్డును కార్డుతో పోల్చడానికి అదే న్యాయమైన పద్ధతి, కానీ మీ పీసీలో అది ఎలా ఉంటుందో ఆ గ్రాఫుల్లో ఉండదు.

ఇక మూసుకుపోయే తలుపుల సంగతి. ఇన్నాళ్లూ పీసీ గేమింగ్‌లో ఇది అరుదు, ఎంత పాత కార్డైనా కిందామీదా పడి గేమ్‌ను తెరిచేది. అది మారుతోంది. 2023 చివర్లో అలన్ వేక్ 2 మెష్ షేడర్లు అనే సదుపాయం మీద ఆధారపడి వచ్చింది, జీటీఎక్స్ 10 సిరీస్‌లో అవి లేవు, 1080 టీఐ లాంటి ఒకప్పటి రారాజు కూడా అక్కడ కుదేలైంది. 2024లో ప్యాచ్ వచ్చి కాస్త నయమైంది గానీ సంకేతం అందింది. 2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025 మేలో డూమ్ ది డార్క్ ఏజెస్, ఈ రెండూ రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీయడం) హార్డ్‌వేర్ లేని కార్డును లోపలికే రానివ్వవు. వెలుగునీడలను ముందే బేక్ చేసి పెట్టుకునే పాత పద్ధతిని వదిలి, ఆడుతుండగానే లెక్కగట్టే పద్ధతికి వెళ్లిపోతే స్టూడియోకు చాలా పని తగ్గుతుంది, అందుకే ఇది వెనక్కి వెళ్లే విషయం కాదు. రే ట్రేసింగ్ ఉన్న తొలి ఆర్‌టీఎక్స్ కార్డులు 2018లోనే వచ్చాయి కాబట్టి వాళ్లను మరీ తప్పుపట్టలేం.

డ్రైవర్లు రెండో తలుపు. 900, 10 సిరీస్ కార్డులకు కొత్త గేముల కోసం చేసే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, ఆపైన 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లు మాత్రమే. అంటే ఉన్న గేములు ఉన్నట్టే నడుస్తాయి, కొత్తగా వచ్చే గేమ్‌లో ఏదైనా తేడా వస్తే దిద్దేవాళ్లు ఉండరు. అదే నెల 14న విండోస్ 10కు మామూలు సపోర్టు కూడా అయిపోయింది, నమోదు చేసుకున్నవాళ్లకు మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు. విండోస్ 11కు అధికారికంగా టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, ఇంటెల్ ఎనిమిదో తరం లేదా రైజెన్ 2000 సిరీస్ నుంచి పైన ఉండాలి. నా రైజెన్ 1600 ఒక్క మెట్టు కింద ఉండిపోయింది. పని చేయలేక కాదు, జాబితాలో లేక.

మూడోది ఆన్‌లైన్ గేముల యాంటీ చీట్, అంటే ఆటలో మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్. బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) ఆన్‌లో లేకపోతే నడవదు, వాలరంట్ విండోస్ 11లో టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ అడుగుతుంది. ఇది చాలాసార్లు మూసిన తలుపులా కనిపించే తెరిచిన తలుపు. పాత పీసీల్లో విండోస్ డిస్క్‌ను విభజించే పాత ఎంబీఆర్ పద్ధతిలో వేసి ఉంటుంది, దాన్ని జీపీటీకి మార్చి బయోస్‌లో యూఈఎఫ్‌ఐ మోడ్‌కు వెళ్తే సెక్యూర్ బూట్ ఆన్ అవుతుంది, విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పరికరం ఉంది. బ్యాకప్ తీసుకుని చేయండి. ఈ మెసేజ్ చూసి కొత్త పీసీ కొనేసే వాళ్లుంటారని నా అనుమానం.

నేను గట్టిగా వ్యతిరేకించే అలవాటు ఒకటుంది, రాబోయే గేమ్ కోసం ముందే హార్డ్‌వేర్ కొనడం. పెద్ద గేమ్ విడుదలైన నెలలో అది ఉండే స్థితి చూడండి: షేడర్లు (బొమ్మను గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కంపైల్ అవుతూ కుదుపులు, మెమరీ లీకులు, పూర్తి ధర. కొత్త కార్డు కొన్నవాడికీ కుదుపులు తప్పవు. ఏడాది ఆగితే అదే గేమ్ ప్యాచులతో మెరుగవుతుంది, డిస్కౌంట్‌లో దొరుకుతుంది, అప్పటికి అదే డబ్బుకు మెరుగైన కార్డు రావచ్చు, రాకపోనూవచ్చు, కనీసం ఏది కావాలో మీకు స్పష్టంగా తెలుస్తుంది. లైబ్రరీలో సగం గేములు తెరవకుండా పడి ఉన్నవాడు విడుదల రోజు కోసం తొందరపడటం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. స్నేహితులంతా కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్ అయితే వేరే మాట, అక్కడ ఏడాది తర్వాత వెళ్తే జనం ఉండరు.

ఈ వాదనకు ఎదురు కూడా ఉంది, నిజాయితీగా చెప్పాలి. ఆగుతూ పోతే ఎప్పటికీ ఆగుతూనే ఉండొచ్చు. ఆగినవాళ్లకు కాలం ప్రతిసారీ మేలు చేయదు కూడా. 2021లో ఆగుదామనుకున్నవాళ్లు ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ పుణ్యమా అని కార్డులు ఆకాశంలో ఉండగా చూస్తూ కూర్చున్నారు, 2022లో ధరలు దిగి, సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేశాక పూర్తిగా ఊపిరాడింది. 2025 చివర్లో ర్యామ్ వంతు వచ్చింది, తయారీదారులు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లేసరికి ధరలు విపరీతంగా పెరిగాయి. అయితే ఈ రెండోది నా వాదనకే బలం ఇస్తోంది. కొత్త ప్లాట్‌ఫామ్ అంటే డీడీఆర్5 ర్యామ్ కొనాలి, ఉన్న డీడీఆర్4ను కాపాడుకునే అప్‌గ్రేడ్‌కు ఇప్పుడు విలువ పెరిగింది.

అది కుదురుతుందా లేదా అన్నది మాత్రం మీరు ఏళ్ల క్రితం ఏ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కొన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది, అప్పుడు ఎవరికి తెలుసు ఇది. ఇంటెల్ ఏడో తరం కొన్నవాళ్లకు ఎనిమిదో తరం అదే ఆకారం సాకెట్‌లో వచ్చినా పాత బోర్డులో అధికారికంగా పనిచేయదు. వాళ్లకు నా సలహా నిక్కచ్చిగా ఒకటే, ఆ పీసీ మీద ఇంకేమీ పెట్టకండి, ఆడినంత ఆడి కొత్తదానికి వెళ్లండి. ల్యాప్‌టాప్ వాళ్లకూ దాదాపు అంతే, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పేస్ట్, అక్కడితో సరి. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ ఉన్నవాళ్లు మాత్రం అదృష్టవంతులు. 2017 నాటి బీ350 బోర్డుల మీద 2022లో వచ్చిన బయోస్‌లతో రైజెన్ 5000 సిరీస్ నడుస్తుంది.

నేను అదే దారి పట్టాను, కార్డును వదిలి ప్రాసెసర్ మార్చాను. రైజెన్ 5 1600 తీసి రైజెన్ 5 5600. రెండూ ఆరు కోర్లే, రెండూ 65 వాట్లే, కాగితం మీద చూస్తే ఏం మారిందని నవ్వుతారు. 1600లో కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులు, ఒక్కో గుంపుకు 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ), అవతలి గుంపు దగ్గరున్న సమాచారం కావాలంటే నెమ్మదైన దారి దాటి వెళ్లాలి. 5600లో ఆరు కోర్లూ ఒకే 32 ఎంబీ క్యాష్‌ను పంచుకుంటాయి. గేములకు ఇష్టమైనది అదే. 5800ఎక్స్3డీ ప్రాసెసర్ మీద అదనంగా 64 ఎంబీ పేర్చి, మొత్తం 96 ఎంబీ క్యాష్‌తో గేముల్లో అంత పేరు తెచ్చుకున్నదీ ఈ కారణంతోనే, కానీ జీటీఎక్స్ 1060 పక్కన అది దండగ. చేయబోయేవాళ్లకు రెండు జాగ్రత్తలు: పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి, తీసేశాక బోర్డు కొత్తదాన్ని గుర్తుపట్టకపోతే ఇరుక్కుపోతారు. కూలర్ తీసేముందు పీసీని కాసేపు బరువైన పని మీద నడిపి పేస్ట్ వేడెక్కనిచ్చి, ఆపి ప్లగ్ తీసేశాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. నిటారుగా లాగితే ఏఎం4 ప్రాసెసర్ కూలర్‌కు అతుక్కుని సాకెట్‌లోంచి ఊడివచ్చేస్తుంది, పిన్నులు వంగితే గోల.

జనం ఉన్న వీధుల్లో ఆ తడబాటు చాలావరకు పోయింది. సగటు ఎఫ్‌పీఎస్ మాత్రం చాలా గేముల్లో దాదాపు అంతే, అక్కడ హద్దు కార్డుది కాబట్టి. విండోస్ 11 జాబితాలోకి కూడా వచ్చేశాను. ఒక్క పార్టుతో రెండు ఇబ్బందులు తీరాయి.

కార్డు సంగతి ఇంకా తేలలేదు. రే ట్రేసింగ్ అడిగే గేములు విష్‌లిస్ట్‌లో రెండున్నాయి, వాటి కోసం మొత్తం కార్డు కొనడానికి నాకు మనసొప్పడం లేదు, ఐదారు అయ్యేదాకా చూస్తాను. అప్పుడు తీసుకునేదానికి కనీసం 12 జీబీ మెమరీ ఉండాలి, పీసీఐఈ 3.0 మీద కుంటుపడకూడదు, ఒక 8 పిన్ కనెక్టర్‌తో సరిపెట్టుకోవాలి. స్లాట్ నుంచి 75 వాట్లు, ఆ కనెక్టర్ నుంచి 150 వాట్లు, నా పవర్ సప్లై భరించగల లెక్క అది. అయితే ఆ పవర్ సప్లై కూడా పీసీతో పాటు కొన్నదే, వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఈ డబ్బాలో ఫ్యాన్లు, డిస్కుల్లాగే అరిగే పార్టుల్లో అందులోని కెపాసిటర్లూ ఉన్నాయి. కాబట్టి కార్డు వచ్చిననాడు దాన్నీ మార్చాలి. అంటే రెండు పార్టులు. మానిటర్ కూడా మార్చాలనిపిస్తే మాత్రం, నా గీత ప్రకారం, 1060తోనే ఇంకొన్నాళ్లు.